జలపాత శైలి బోన్సాయ్: కుందూ లోయ మెట్ట ప్రాంతంలో పెంపకం, రూపకల్పన

కుండీలో నాటిన చెట్టు కాండం మొదట కాస్త పైకి లేచి, వెంటనే పక్కకు మలుపు తిరిగి, కుండీ అంచు దాటి కిందికి సాగితే ఆ బోన్సాయ్ రూపాన్ని జలపాత శైలి అంటారు. నర్సరీల్లో కాస్కేడ్ అన్నా, జపాను పద్ధతిలో కెంగాయ్ అన్నా ఇదే. కొన కుండీ అడుగు కన్నా దిగువకు పోతే అది పూర్ణ జలపాతం. అంచు దాటి దిగినా అడుగు దాకా పోకుండా ఆగితే అర్ధ జలపాతం. కొండచరియ నెర్రెలో మొలిచి, గాలికీ రాళ్ళ తాకిడికీ వంగిపోయినా ప్రాణం వదలని చెట్టును చూపరుల ఊహకు తేవడం ఈ శైలి ఉద్దేశం. బోన్సాయ్ పుస్తకాలు దీన్ని ఎక్కువగా తీగ చుట్టి వంచే నేర్పుగా వివరిస్తాయి. కాండాన్ని వంచడం ఒక పూటలో అయ్యే పని. వంగిన కాండం కొన దాకా జీవం నిలబెట్టడానికి ఏళ్ళు పడుతుంది. కుందూ లోయలో, అంటే నంద్యాల జిల్లాలోని సంజామల, కోవెలకుంట్ల, ఆళ్ళగడ్డ వంటి ఎండ మెండుగా కాసే చోట్ల ఈ రెండో పనే మిగిలినవాటినన్నిటినీ నిర్ణయిస్తుంది. జాతి, కుండీ, మట్టి, కత్తెర వేసే చోటు, ఆఖరికి పూర్ణ జలపాతమా అర్ధ జలపాతమా అన్న ఎంపిక కూడా దాని మీదే ఆధారపడతాయి.

శైలి పుట్టిన నేల

పళ్ళెంలోనో కుండీలోనో ప్రకృతి దృశ్యాన్ని చిన్నదిగా కూర్చే కళకు పాత ఆధారాలు చైనాలో దొరుకుతాయి. టాంగ్ వంశపు రాకుమారుడు ఝాంగ్‌హువాయ్ కోసం క్రీ.శ. 706లో కట్టిన సమాధి గోడ మీద, చిన్న రాళ్ళూ మొక్కలూ అమర్చిన పళ్ళాన్ని పట్టుకెళ్తున్న పరిచారకుల చిత్రం ఉంది. జపానులో 1309 నాటి కసుగా గొంగెన్ గెంకి చిత్రపటంలో కుండీ చెట్లు కనిపిస్తాయి. 1923 కాంటో భూకంపం తర్వాత టోక్యో తోటమాలులు కొందరు ఊరు విడిచి వెళ్ళి 1925లో ఒమియాలో బోన్సాయ్ పల్లె కట్టుకున్నారు. 1934లో కొకుఫు ప్రదర్శన మొదలైంది. ఇవాళ ప్రపంచమంతా పాటిస్తున్న శైలుల వర్గీకరణ చాలావరకు ఈ జపాను సంప్రదాయం నుంచి వచ్చిందే. ఆ సంప్రదాయంలో జలపాత శైలికి మాదిరిగా నిలిచినవి చలి కొండల మీది పైన్, జూనిపర్ చెట్లు. ఏటా చలికాలంలో మంచు బరువు వాటి కొమ్మల మీద నెలల తరబడి ఉంటుంది. కరిగే మంచుతో పాటు రాళ్ళు దొర్లుతాయి. మంచు వదిలాక చెట్టు పైకి లేవబోతుంది, మళ్ళీ చలికాలం వచ్చి అణుస్తుంది. శైలి నియమాలను అక్కడి నుంచి తెచ్చుకుంటున్నప్పుడు వాటి వెనకున్న ఈ వాతావరణాన్ని మరిచిపోకూడదు. ఆ మంచు బరువు చేసే పని కుందూ లోయలో ప్రకృతి చేయదు, మనిషే చేయాలి.

కిందికి దిగిన కొమ్మలో బలం ఎందుకు తగ్గుతుంది

చెట్టు కాండం భూమ్యాకర్షణను గుర్తిస్తుంది. లేత కాండంలోని కొన్ని కణాల్లో పిండిపదార్థంతో నిండిన బరువైన రేణువులు ఉంటాయి. కాండం వంగినప్పుడు అవి కిందివైపు గోడ మీదికి జారతాయి. దాంతో ఆక్సిన్ అనే వృద్ధి రసం కిందివైపు ఎక్కువగా చేరి, ఆ వైపు కణాలు సాగి, కొన మళ్ళీ పైకి తిరుగుతుంది. కాండం ముదిరి కట్టెగా మారాక కూడా ఈ ప్రయత్నం ఆగదు. మర్రి, చింత వంటి వెడల్పాకు చెట్లలో వంపు పైభాగాన లాగే స్వభావమున్న కట్టె పెరిగి కాండాన్ని పైకి లాగుతుంది. పైన్, జూనిపర్లలో వంపు కిందిభాగాన తోసే స్వభావమున్న కట్టె పెరిగి పైకి నెడుతుంది. అందుకే తీగ విప్పగానే వంపు కొంత వెనక్కి వస్తుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి మొగ్గల్లో ఉంది. నిటారుగా పెరిగే చెట్టులో అన్నిటికన్నా పైనున్న మొగ్గ కింది మొగ్గలను అణచి ఉంచుతుంది. కొన కిందికి దిగితే దానికి ఆ పట్టు తప్పుతుంది. అప్పుడు చెట్టు మొత్తానికి ఎత్తైన చోటు కాండం మొదట మలుపు తిరిగే మెడ వంపు. అక్కడి మొగ్గలు దూకుడుగా చిగురించి నిటారు రెమ్మలు వేస్తాయి. వేర్ల నుంచి వచ్చే నీరు, పోషకాల్లో ఎక్కువ వాటా అవే లాక్కుంటాయి. పట్టించుకోకుండా ఒక వానాకాలం గడిస్తే మెడ మీద గుబురు, కొన దగ్గర ఎండుపుల్లలు మిగులుతాయి. తీగ ఎంత చక్కగా చుట్టినా ఈ తీరు మారదు. కాబట్టి జలపాత శైలిలో కత్తెర పని ఇతర శైలులకు దాదాపు తలకిందులుగా ఉంటుంది: పైన తరచుగా కోయాలి, కింద స్వేచ్ఛగా పెరగనివ్వాలి.

నల్లమల చరియలు నేర్పే పాఠం

నంద్యాల ప్రాంతం రాతి పొరలకు పేరుపొందినది. భూగర్భ శాస్త్రజ్ఞులు కర్నూలు సముదాయంగా పిలిచే పొరల పేర్లే ఈ ఊళ్ళ జాబితా. అడుగు నుంచి పైకి బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. తూర్పున నల్లమలలోని అహోబిలం లోయలు, పడమట బనగానపల్లె దగ్గరి యాగంటి చరియలు, దక్షిణాన పెన్నా నది కోసిన గండికోట లోయ ఎత్తైన రాతి గోడలతో నిలబడి ఉన్నాయి. ఇలాంటి చోట్ల రాతి పగుళ్ళలో మొలిచేవి ముఖ్యంగా మర్రి జాతి చెట్లు. కొండరావి అలాంటి తావుకు బాగా అలవాటుపడిన చెట్టు. పక్షులు పండ్లు తిని నెర్రెల్లో రాల్చిన విత్తనం మొలిచి, వేర్లు తడి వెతుక్కుంటూ రాతి మీద బారల కొద్దీ కిందికి పాకుతాయి. కాండం మాత్రం కొంచెం బయటికి వాలి, వెలుతురు వైపు పైకి తిరుగుతుంది. మైదానంలోని పాత రాతి కట్టుడు బావుల్లో వేలాడే రావి, మర్రి మొలకలదీ ఇదే తీరు. అంటే మన చరియల మీద జలపాతంలా జారేవి వేర్లు. కొమ్మ అర్ధ జలపాతం దాకా వచ్చి ఆగుతుంది. ఈ పరిశీలన శైలి ఎంపికకు నేరుగా పనికొస్తుంది. రాతిని కౌగిలించుకున్న వేర్లు, అంచు దాటి కొద్దిగా దిగి కొన పైకెత్తిన కాండం ఉన్న అర్ధ జలపాత రూపం ఈ ప్రాంతపు చెట్టు స్వభావానికి దగ్గరగా ఉంటుంది, పెంచేవారితో తక్కువ పోట్లాడుతుంది.

ఏ జాతి నిలుస్తుంది

జూనిపర్, పైన్ జాతులు చల్లని విశ్రాంతి కాలం కోరతాయి. నంద్యాల శీతాకాలం ఆ అవసరాన్ని తీర్చదు; ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండ వాటి కొనలను ముందుగా తాకుతుంది. వాటిలో ఇంకో చిక్కుంది. ఆకుల్లేని ముదురు కట్టె నుంచి అవి సాధారణంగా మళ్ళీ చిగురించవు. జలపాతపు కొన ఎండితే ఆ బోన్సాయ్ రూపం అక్కడితో సరి. మర్రి జాతి చెట్లు ముదురు కట్టె నుంచి కూడా చిగురు వేస్తాయి. గాయాలు త్వరగా పూడ్చుకుంటాయి, ఇరుకు వేర్లకు ఓర్చుకుంటాయి, సున్నపు పాలెక్కువైన నేలలోనూ బతుకుతాయి. వడగాలికి కొన పోయినా దాని వెనక మొగ్గను కొత్త కొనగా మలచుకోవచ్చు. కొన దాకా జీవం నిలపడమే అసలు పరీక్ష అయినప్పుడు ఈ గుణానికి మించిన అర్హత లేదు. వీటిలో నర్సరీల్లో సులువుగా దొరికే ఫైకస్ మైక్రోకార్పా చిన్న ఆకులతో, సాగే కొమ్మలతో మొదటిసారి పెంచేవారికి అనువైనది. జువ్వి, మర్రి, కొండరావి పెద్ద ఆకులవి కాబట్టి రెండు మూడు అడుగుల పెద్ద బోన్సాయ్‌కి నప్పుతాయి.

మర్రి జాతికి బయట కూడా మంచి చెట్లున్నాయి. చింత ఆకులు సహజంగానే సన్నవి, మెట్టకు అలవాటుపడ్డవి. అయితే కొమ్మ త్వరగా బిరుసెక్కుతుంది కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడే వంచాలి. కాగితపు పూల చెట్టు రెమ్మలు వాటంతట అవే వాలుతాయి, పూసినప్పుడు ఈ శైలికి గొప్ప శోభ తెస్తాయి. ముదురు కట్టె మాత్రం పుటుక్కున విరుగుతుంది, పెద్ద గాయాల దగ్గర కుళ్ళు పడుతుంది. సీమచింత, రేగు కూడా ప్రయత్నించదగినవే. రేగు కొమ్మకు వాలే గుణం పుట్టుకతోనే ఉంది. తూర్పు గోదావరి జిల్లా కడియం నర్సరీల నుంచి రాష్ట్రమంతా చేరే ఉబ్బిన దుంప వేర్ల ఫైకస్ మొక్కలను మాత్రం జలపాతానికి కొనకపోవడం మేలు. వాటిలో చాలావాటికి పైభాగం అంటు కట్టి ఉంటుంది. అంటు దగ్గర వంపు సహజంగా రాదు, బలమైన మొదలు నుంచి నాజూకు కొమ్మ వేలాడినట్టు కనిపిస్తుంది.

కుండీ, మట్టి, నీరు

జలపాత శైలికి లోతైన కుండీ వాడతారు. అందానికి మించిన కారణాలు దీనికి రెండున్నాయి. ఒక పక్కకు వేలాడే బరువుకు కుండీ తూలిపోకూడదు. పైగా లోతు వల్ల వేర్లకు గాలి అందుతుంది. నీరు పోసి కారడం ఆగాక ఏ కుండీలోనైనా అడుగున కొంత మందం మేర మట్టి ముద్దగా తడిసి ఉంటుంది. ఆ మందం మట్టి రేణువుల పరిమాణాన్ని బట్టి ఉంటుంది, కుండీ లోతును బట్టి మారదు. కాబట్టి లోతైన కుండీలో ఊపిరాడే భాగం ఎక్కువ. ఈ లాభం దక్కాలంటే మట్టి గరుకుగా ఉండాలి. సంజామల చుట్టూ శనగ, పత్తి, జొన్న పండించే నల్లరేగడి పొలానికి బంగారం. కుండీకి మాత్రం పనికిరాదు. తడిస్తే ఉబ్బి గాలి ఆడనివ్వదు, ఎండితే బిగిసి పగుళ్ళిచ్చి సన్న వేర్లను తెంపుతుంది. ఇటుక ముక్కలు, పెద్ద రేణువుల ఇసుక కలిపి నాలుగు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు తీసుకోవాలి. జల్లెడ పట్టి 2 నుంచి 5 మిల్లీమీటర్ల రేణువులను ఉంచుకుని, పొడిని పారేయాలి. నాపరాయి, పాలిష్ బండల పనుల దగ్గర ఉచితంగా దొరికే సున్నపురాతి చిప్స్, పొడి కలపకూడదు. మట్టిలో సున్నం పెరిగితే ఇనుము వేర్లకు అందదు. లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఈ లోపం అన్నిటికన్నా ముందు కిందికి దిగిన కొనల్లో కనబడుతుంది, ఎందుకంటే బలం తక్కువైన భాగం అదే.

సున్నపురాతి నేలల బోరు నీళ్ళు సహజంగానే కఠినమైనవి. కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే నీటిలో లవణాలు ఎక్కువని అర్థం. ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వానపాతం ఏడాదికి సుమారు 670 మిల్లీమీటర్లు. మేడ మీది వాన నీటిని డ్రమ్ముల్లో పట్టి ఉంచితే కొద్ది కుండీలకు చాలా రోజులు వస్తుంది. మినరల్ వాటర్ ప్లాంటులో వదిలేసే నీటిలో లవణాలు ఇంకా చిక్కబడి ఉంటాయి కాబట్టి అది వాడకూడదు. కుండీ పదార్థం కూడా లెక్కలోకి వస్తుంది. మెరుగు పూయని మట్టి కుండీ గోడల నుంచి తేమ ఆవిరై వేర్లను చల్లబరుస్తుంది. ఆళ్ళగడ్డ శిల్పుల చేత రాతి తొట్టి చెక్కించుకుంటే తూలిపోదన్న ధీమా ఉంటుంది గాని, మే ఎండలో రాయి వేడెక్కి వేర్లను ఉడికిస్తుంది. మట్టి 40 డిగ్రీలు దాటి వేడెక్కితే చాలా జాతుల వేర్లు దెబ్బతింటాయి. రాతి తొట్టి వాడేవారు వేసవిలో దానికి తడి గోనె చుట్టి నీడలో పెట్టాలి.

రూపం దిద్దే క్రమం

మొదట మొక్కను ఏటవాలుగా నాటాలి. లేత మొక్క కాండాన్ని నేలకు సగం ఒరిగేలా నాటితే వంపులో సగం పని తీగ లేకుండానే అవుతుంది. రెండో మార్గం, పెద్ద చెట్టుకు ఇప్పటికే వాలి ఉన్న కొమ్మను ఎంచుకుని దాని మీదే గాలి అంటు కట్టడం. వానాకాలంలో మర్రి జాతి కొమ్మలు అంటుకు త్వరగా వేరు పోస్తాయి. కాండాన్ని వంచే ముందు రోజు నీరు తగ్గిస్తే బిరుసు తగ్గుతుంది. వంపు చోట తడిపిన నార చుట్టి, దాని మీద కొమ్మ మందంలో మూడో వంతు మందమున్న అల్యూమినియం తీగను సుమారు 45 డిగ్రీల కోణంలో చుట్టాలి. వంపు ఒక్కసారిగా కాక రెండు మూడు దఫాల్లో వేయాలి. మొదటి మలుపు కుండీ అంచుకు దగ్గరగా, తీవ్రంగా ఉంటేనే చరియ నుంచి జారిన భావన కలుగుతుంది. తర్వాతి మలుపులు అటూ ఇటూ తిరుగుతూ, కొనకు పోయేకొద్దీ దగ్గరపడాలి. వానాకాలంలో మర్రి జాతి కాండం వేగంగా లావెక్కుతుంది కాబట్టి రెండు వారాలకోసారి తీగ చూడాలి. బెరడులోకి దిగబోతుంటే మెలితిప్పి విప్పకుండా, కటింగ్ ప్లయర్‌తో ముక్కలుగా కత్తిరించి తీసి, కావాలంటే కొత్తగా చుట్టాలి.

ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది. మెడ వంపు మీద నిటారుగా లేచే రెమ్మలను రెండు ఆకుల దశలోనే గిల్లాలి. అక్కడ తల భాగం కావాలనుకుంటే దాన్ని చిన్నదిగా, పలచగా ఉంచాలి. దిగిన కాండం కొనను మాత్రం ఒక సీజన్ అంతా కోయకుండా వదలాలి. చివరి రెండు మూడు అంగుళాలు పైకి తిరిగేలా మలిస్తే దానికి మొగ్గల మీద కొంత పట్టు తిరిగొస్తుంది. ఆకుల పరిమాణం తగ్గించడానికి మర్రి జాతిలో ఆకులు దూసే పద్ధతి ఉంది. జలపాత శైలిలో దాన్ని సగమే పాటించాలి: పైభాగం ఆకులు దూసి, కింది భాగం ఆకులు ఉంచాలి. దీనివల్ల పైభాగం బలం తగ్గి, కింది కొనలకు వెలుతురు, పోషణ ఎక్కువ అందుతాయి. కోసిన చోట పాలు కారితే నీరు చిలకరిస్తే ఆగుతుంది. కుండీని ఎత్తైన పీట మీద ఉంచి, కొనకు అన్ని వైపుల నుంచి వెలుతురు తగిలేలా వారానికోసారి తిప్పాలి. ఎత్తు పీట వడగాలికి కూడా దారి ఇస్తుంది. అందుకే మార్చి నుంచి జూన్ మొదటి వానల దాకా 50 శాతం షేడ్ నెట్ కింద, పడమటి గాలికి అడ్డున్న చోట ఉంచాలి. ఉదయం, సాయంత్రం నీరు పోయాలి. కుండీ మార్చడం, పెద్ద కోతలు, వంపులు జూన్ చివర నుంచి ఆగస్టు లోపు పెట్టుకుంటే చెట్టు త్వరగా కోలుకుంటుంది. పటిష్ఠమైన రూపం రావడానికి ఐదు నుంచి పదేళ్ళు పడుతుంది.

అభ్యంతరాలు

మర్రి ఆకు పెద్దది, కొలతలు కుదరవు అన్నది మొదటి అభ్యంతరం. చిన్న బోన్సాయ్ విషయంలో ఇది నిజమే. చెట్టును పెద్దదిగా ఉంచి, ఆకులు దూసి, వేర్లకు చోటు పరిమితం చేస్తే ఆకులు గణనీయంగా చిన్నవవుతాయి. అయినా జూనిపర్ సూదుల నాజూకు రాదని ఒప్పుకోవలసిందే. ఆకు కొలత కొంత తగ్గినా కొన పచ్చగా ఉన్న చెట్టు, కొలతలన్నీ కుదిరి కొన ఎండిన చెట్టు కన్నా మెరుగు. రెండోది, అర్ధ జలపాతాన్ని ఎంచుకోవడం కష్టమైన పని నుంచి తప్పుకోవడం కాదా అన్న ప్రశ్న. పూర్ణ జలపాతాన్ని నిషేధించనక్కర్లేదు. కాగితపు పూల చెట్టుతోనూ, ఫైకస్ మైక్రోకార్పాతోనూ ఇక్కడ అది సాధ్యమే. కొన ఎంత దిగువకు పోతే నీటి దారి అంత పొడవు, వెలుతురు అంత తక్కువ, పొరపాటుకు మూల్యం అంత ఎక్కువ. అనుభవం వచ్చాక దిగువకు పొడిగించుకోవచ్చు. ఎండిన కొనను వెనక్కి తేలేం.

మూడోది నైతికమైనది. చెట్టును వంచి, కట్టి, కత్తిరించడం హింస అనేవారున్నారు. చెట్టుకు నాడీమండలం లేదు. బోన్సాయ్‌ని పస్తులుంచి చిన్నది చేస్తారన్నది కూడా అపోహ. కుండీ చెట్టుకు నేల చెట్టు కన్నా ఎక్కువ శ్రద్ధగా నీరు, ఎరువు అందించాలి. దాని విత్తనం నేలలో నాటితే మామూలు చెట్టే పెరుగుతుంది. అయితే ఈ అభ్యంతరంలో ఒక న్యాయం ఉంది: రూపం కోసం కొనను చావనిస్తే అది చెట్టు మీద చేసిన అన్యాయమే. మంచి జలపాత బోన్సాయ్‌కి కొలమానం కొనలో వచ్చే కొత్త చిగురే అని ఒప్పుకుంటే కళకూ కరుణకూ పేచీ ఉండదు. నాలుగోది, ఇది జపాను కళ, మనకెందుకు అన్నది. మైసూరు అవధూత దత్త పీఠంలోని కిష్కింధ మూలికా బోన్సాయ్ వనాన్ని తెలుగు భక్తులు వేల మంది చూసి వచ్చారు. అక్కడ మన నేల చెట్లు కూడా కుండీల్లో పెరుగుతున్నాయి. పద్ధతి బయటి నుంచి వచ్చినా చెట్టు, మట్టి, ఎండ ఇక్కడివైతే ఫలితం కూడా ఇక్కడిదే అవుతుంది.

ఒక హెచ్చరిక తప్పనిసరి. చరియల మీది ముసలి కొండరావిని పెకలించి తెచ్చుకోవాలన్న కోరిక ఈ శైలి అభిమానులకు కలగడం సహజం. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద అక్కడి నుంచి చెట్టును తేవడం నేరం. రాతి నెర్రె నుంచి లాగిన చెట్టు వేర్లు తెగి చాలావరకు చచ్చిపోతుంది కూడా. అవసరమూ లేదు. ఇళ్ళ గోడల్లో, కల్వర్టుల్లో, పాత బావుల్లో మొలిచి కట్టడాన్ని పగలగొట్టే రావి, మర్రి మొక్కలను యజమానులు ఎలాగూ తీసేస్తారు. అనుమతి అడిగి, వానాకాలంలో, వేర్ల చుట్టూ ఉన్న సున్నంతో సహా జాగ్రత్తగా తీస్తే ఇప్పటికే ఒరిగి పెరిగిన మొదలు దొరుకుతుంది.

కుందూ లోయలో జలపాత శైలి మొదలుపెట్టేవారు ఫైకస్ మైక్రోకార్పానో, గోడ మీది మర్రి మొక్కనో ఎంచుకుని, గరుకు మట్టి నింపిన లోతైన మట్టి కుండీలో ఏటవాలుగా నాటి, అర్ధ జలపాతంగా పెంచడం మంచిది. తీగ కొనే ముందు షేడ్ నెట్, వాన నీటి డ్రమ్ము సమకూర్చుకోవాలి. మూడు వేసవులు దాటి కొన చిగురిస్తూ ఉంటే, అప్పుడు దాన్ని ఇంకా కిందికి దింపే ఆలోచన చేయవచ్చు.